అచ్చు గీత చెదురుతోందా? ఇంక్ ప్యాడ్ మార్చే ముందు కాగితాన్ని పరీక్షించండి

కనుమ నాటి కోనసీమ జగ్గన్నతోట ప్రభలనో, కాలువ గట్టున కొబ్బరిచెట్ల వరుసనో స్టాంపుతో అచ్చు వేసి, లోపల వాటర్ కలర్ నింపగానే నల్లగీత చెదిరి రంగులో కలిసిపోతుంది. గ్రీటింగ్ కార్డులు చేసేవారిలో చాలామంది దీనికి ఇంకే కారణమనుకుని ఖరీదైన కొత్త ప్యాడ్ కొంటారు. కొనే ముందు గమనించవలసింది గీత ఎప్పుడు చెదిరిందన్నదే. 

అచ్చు శుభ్రంగా పడి, తడి కుంచె తగిలిన తరువాతే పాకితే దోషం ఇంకుది. మామూలు డై ఇంకు నీటిలో కరుగుతుంది కాబట్టి నీటికి చెదరని ఆర్కైవల్ ఇంకు వాడాలి. ముసురు పట్టిన రోజుల్లో అదీ ఆలస్యంగా ఆరుతుంది, కాబట్టి వేడిగాలి వదిలే హీట్ గన్‌తో ఆరబెట్టిన తరువాతే రంగు వేయాలి.

అలాకాక, రంగు వేయకముందే గీత అంచుల నుంచి సన్నటి పీచులు బయటికి పాకితే, ప్యాడ్ మీద స్టాంపును మరీ అదిమి అద్దలేదని నిర్ధారించుకున్నాక, కాగితాన్నే అనుమానించాలి. వాటర్ కలర్ కాగితానికి తయారీలోనే సైజింగ్ పట్టిస్తారు. బట్టకు గంజి ఎలాగో కాగితానికి సైజింగ్ అలాగ. రంగునీరు వెంటనే లోపలికి ఇంకకుండా కాసేపు పైన నిలిచేది దానివల్లనే. సంక్రాంతి కార్డుల కోసం జూన్‌లో కొన్న కాగితాన్ని గోడకు ఆనించిన బీరువాలో ఉంచి జనవరిలో తీస్తే, మన గోదావరి డెల్టాలో అది నైరుతి వానలనూ, ఆ తరువాతి తుపానుల కాలాన్నీ దాటి వచ్చినట్లే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉన్న మందపాటి కాటన్ కాగితమైనా ఆ చెమ్మకు సైజింగ్ పాడు కావచ్చు. పైకి చూస్తే కాగితం కొత్తదానిలాగే తెల్లగా ఉంటుంది కాబట్టే ఈ కారణం అంత తేలికగా దొరకదు.

పరీక్ష సులభం. కాగితం మూలన కుంచెతో ఒక నీటిచుక్క పెట్టండి. సైజింగ్ బాగుంటే చుక్క ఉబ్బెత్తుగా, మెరుస్తూ నిలుస్తుంది. పోయి ఉంటే వెంటనే ఇంకిపోయి ముదురు మచ్చ మిగులుతుంది. పాడైనచోట్లు తరచు అక్కడక్కడే ఉంటాయి కనుక నాలుగు మూలలా, మధ్యలోనూ చూడాలి. చుక్క ఇంకినంతమాత్రాన కాగితాన్ని పారేయకండి. వెనుకవైపు నుంచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేసి, చల్లారాక మరోచోట చుక్క పెట్టి చూడండి. ఇప్పుడు నిలిస్తే కాగితానికి పట్టింది చెమ్మ మాత్రమే. అప్పటికీ ఇంకిపోతే సైజింగే పోయింది.

అలాంటి కాగితానికి 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల చొప్పున తీపి గానీ రంగు గానీ కలపని జెలటిన్ పొడిని చల్లటి నీటిలో నానబెట్టి, మరగనివ్వకుండా వేడిచేసి కరిగించి, గోరువెచ్చగా ఉండగా వెడల్పు కుంచెతో పలుచగా పూయాలి. చిక్కగా పూస్తే ఆరిన తరువాత పూత పగులుతుంది. ఫ్యాను కింద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే తడి మిగిలితే జెలటిన్‌కు బూజు పడుతుంది. ఆరిన తరువాత ఒక ముక్క మీద అచ్చు, రంగు రెండూ వేసి చూసుకోవాలి. కొత్త కాగితాన్నైతే కొన్ననాడే జిప్ కవరులో చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూసి, గోడకూ నేలకూ దూరంగా ఉంచడం మేలు.

తడి అచ్చు మీద చల్లి, వేడితో కరిగించి గీతను ఉబ్బెత్తుగా చేసే ఎంబాసింగ్ పౌడర్ గీత దాటి అంతటా అంటుకుంటున్నా మన దగ్గర మొదటి అనుమానం చెమ్మ మీదే ఉండాలి. కాగితాన్ని ముందుగా హీట్ గన్‌తో ఆరబెట్టి, టాల్కం పొడిని తేలికగా అద్ది దులిపి, ఆ తరువాత అచ్చు వేస్తే చాలావరకు సరిపోతుంది. కొత్త స్టాంపు మచ్చలుమచ్చలుగా పడితే దాని ముఖాన్ని పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో సున్నితంగా రుద్దండి. సముద్రానికి దగ్గరి ఊళ్లలో గీత చెదరడానికి బోరునీటి ఉప్పును అనుమానించేవారున్నారు. అది అరుదు, ఒకసారి ఫిల్టరు నీటితో రంగు కలిపి చూస్తే తేలిపోతుంది.