సలాడ్ డ్రెస్సింగ్ నేర్చుకుందాం, 3వ పాఠం: వేడి బేకన్ డ్రెస్సింగ్

పోయిన పాఠంలో నిమ్మరసం, నూనె, ఆవముద్ద సీసాలో వేసి గట్టిగా ఊపి కలపడం నేర్చుకున్నాం కదా. అది చేసి చూసుంటే ఈ పాఠం సగం వచ్చేసినట్టే, చేయకపోతే ముందు అదొకసారి చేసి రండి, ఎందుకంటే ఈరోజు చేసేది కూడా అదే పని, కాకపోతే నూనె సీసాలోంచి రాదు, మాంసంలోంచి కరిగి వస్తది, అదీ వేడిగా.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. బేకన్ వేయించుకుని ముక్కలు తినేసి మూకుట్లో మిగిలిన కొవ్వు సింకులో పారబోసే వాళ్లని చాలామందిని చూశాను, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటది. ఈ డ్రెస్సింగ్‌లో ముక్కలు పైన చల్లుకోడానికే, అసలు సరుకు ఆ కొవ్వే. పొగ వాసన, ఉప్పు, రుచి అంతా అందులోకే దిగి ఉంటది. పైగా సింకులో పోస్తే చల్లారి గడ్డకట్టి పైపు మూసుకుపోతది, అది వేరే తలనొప్పి.

బేకన్ అంటే పంది పొట్ట దగ్గర మాంసం, ఉప్పూ కొంచెం చక్కెరా పట్టించి ఊరబెట్టి పొగ పెట్టింది. ఉడికినా గులాబీ రంగు పోకపోవడానికి కారణం ఊరబెట్టేటప్పుడు కలిపే సోడియం నైట్రైట్. కొనేటప్పుడు ప్యాకెట్ మీద స్ట్రీకీ అని ఉందో లేదో చూసుకోండి, అంటే కొవ్వు చారలు ఎక్కువ ఉన్నది, మనకు కావాల్సింది అదే. బ్యాక్ బేకన్ అని ఉంటే అది వీపు మాంసం, కొవ్వు తక్కువ. చికెన్ బేకన్ అని కూడా అమ్ముతారు, దాంట్లోంచి కొవ్వు రాదు, మీరు పందిమాంసం తినకపోతే అదే వాడుకోవచ్చు కానీ రెండు మూడు స్పూన్ల నూనె విడిగా పోసుకోవాల్సిందే. నెల్లూరులో పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో బేకన్ ఒక్కోసారి ఉంటది ఒక్కోసారి ఉండదు, నేనైతే చెన్నై పోయినప్పుడు ఐస్ బాక్సులో పెట్టుకుని తెచ్చుకుంటాను, ఎట్లాగూ రైల్లో మూడు గంటల లోపే కదా. ఫ్రీజర్‌లోది ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చుకోండి, బయటపెట్టి కరిగించొద్దు, మన ఎండలకి అది మంచిది కాదు.

ఈ వంట జర్మనీ వాళ్లది. అక్కడినుంచి అమెరికాలో పెన్సిల్వేనియాకి వలసపోయిన వాళ్లు వసంతకాలంలో పొలాల్లో మొలిచే చేదు ఆకు, డాండెలయన్ అంటారు, దాని మీద ఈ వేడి డ్రెస్సింగ్ పోసుకుని తినేవాళ్లు, ఈస్టర్‌కి ముందొచ్చే గురువారం తప్పకుండా తినే అలవాటు కూడా ఉంది. ఫ్రాన్స్‌లో లియాన్ ఊళ్లో కూడా ఇట్లాంటిదే, చేదాకు మీద బేకన్ ముక్కలు, పైన ఉడికీ ఉడకని గుడ్డు. రెండుచోట్లా లెక్క ఒకటే, చేదుకి ఎదురు కొవ్వు, కొవ్వుకి ఎదురు పులుపు. మనం కాకరకాయకి చింతపండూ బెల్లమూ ఎందుకు వేస్తామో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇద్దరు ముగ్గురికి కొలత చెప్తాను. బేకన్ 150 గ్రాములు, సన్న ఎర్రగడ్డ (ఉల్లిపాయ) ఒకటి, వెనిగర్ 3 టేబుల్ స్పూన్లు, చక్కెర 2 టీస్పూన్లు, ఆవముద్ద 1 టీస్పూన్, దంచిన మిరియాలు. ఆకు ఒక పెద్ద బేసిన్ నిండా. ఉప్పు ఇప్పుడు రాయట్లేదు, కావాలనే, బేకన్‌లోనే ఉప్పుంటది, ఆఖర్న రుచి చూసి కావాలంటేనే వేసుకోవాలి.

పోయిన పాఠంలో నూనె మూడొంతులు పులుపు ఒకవంతు అన్నాను, ఇక్కడ రెండూ దాదాపు సమానం. ఎందుకంటే పందికొవ్వు నూనెలాగా పలచగా జారిపోదు, నాలిక మీద పొరలాగా పడతది, దాన్ని కోయాలంటే పులుపు గట్టిగా ఉండాలి, ఆ పులుపుని పట్టుకోడానికి కొంచెం తీపి ఉండాలి.

వెనిగర్ గురించి కూడా చెప్పాలి. కిరాణా కొట్లో చవగ్గా దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు ఎసిటిక్ యాసిడ్ నీళ్లలో కలిపింది, సీసా మీద సింథటిక్ అని రాసే ఉంటది, అది వేడి చేస్తే ముక్కులోకి ఘాటు కొడతది. యాపిల్ సైడర్ వెనిగర్ ఉంటే మంచిది. లేకపోతే నేను చేసే పద్ధతి, తెల్ల వెనిగర్ ఒకటిన్నర టేబుల్ స్పూను, గూడూరు నిమ్మకాయ రసం ఒకటిన్నర టేబుల్ స్పూను. నిమ్మరసం మాత్రం స్టవ్ కట్టేశాకే పిండాలి, కాగితే చేదెక్కుతది, పులిహోరలో తిరగమాత చల్లారాక ఎందుకు పిండుతామో ఇదీ అందుకే.

ఆవముద్ద పది నిమిషాల ముందే చేసి పెట్టుకోండి. ఆవపిండిలో ముందు మామూలు నీళ్లే పోయాలి, వెనిగర్ కాదు, వేడినీళ్లు అసలే కాదు. నీళ్లు తగిలాకే ఆవ ఘాటు పుడతది, మొదట్లోనే పులుపో వేడో తగిలితే ఆ ఘాటు పుట్టనే పుట్టదు. ఆవపెట్టిన కూర చేసేవాళ్లకి ఇది తెలిసిన సంగతే. మన డ్రెస్సింగ్‌లో ఆవకి ఇంకో పని కూడా ఉంది, కొవ్వునీ వెనిగర్నీ కొంతసేపైనా విడిపోకుండా పట్టుకుంటది.

ఇప్పుడు అసలు పని. స్టీలు మూకుడో నాన్‌స్టిక్‌దో తీసుకోండి, ఇనుప మూకుడు వద్దు, పులుపు తగిలితే ఇనుము వాసనొస్తది. బేకన్‌ని వేలు వెడల్పు ముక్కలుగా కోసి చల్లటి మూకుట్లోనే పరిచి, చిన్న బర్నర్ మీద సిమ్‌లో పెట్టండి. నూనె వేయొద్దు, మూకుడు ముందుగా కాల్చొద్దు. కాలిన మూకుట్లో వేస్తే పైన టక్కున ఎర్రబడిపోయి కొవ్వు లోపలే ఉండిపోతది. చల్లటి దాంట్లో మొదలుపెడితే మెల్లిగా చెమటపట్టినట్టు కారతది.

చెవి పెట్టి వినండి. మొదట్లో చిటపటమని చప్పుడు, అది లోపలున్న నీళ్లు పోతున్న చప్పుడు. ఎనిమిది పది నిమిషాలకి ఆ చప్పుడు తగ్గిపోయి కొవ్వు మీద సన్నటి తెల్ల నురగ లేస్తది, అప్పుడు ముక్కలు అంచులు ముడుచుకుని బంగారు రంగులో ఉంటాయి. అదే గుర్తు, గడియారం చూడొద్దు. నురగ లేచాక అర నిమిషం చాలు, ఇంకా ఉంచితే మాడి కొవ్వంతా చేదవుద్ది, దాన్ని ఇంకేం వేసినా బాగుచేయలేం. చిల్లుల గరిటెతో ముక్కలు తీసి పక్కన పెట్టండి. కొవ్వు కొలవండి, నాకు మామూలుగా 3 టేబుల్ స్పూన్ల దాకా వస్తది, ఎక్కువుంటే గాజు సీసాలో తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, ఉర్లగడ్డ (బంగాళాదుంప) వేపుడుకి బ్రహ్మాండంగా ఉంటది, తక్కువైతే కాస్త నూనె కలపండి.

ఆ కొవ్వులోనే సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేసి రెండు నిమిషాలు మెత్తబడనివ్వండి, ఎర్రగా వేగక్కర్లేదు. తర్వాత స్టవ్ కట్టేయండి. ఇది మర్చిపోవద్దు. నేను చెన్నైలో ఒక హోటల్ కిచెన్‌లో పనిలో కొత్తగా చేరినప్పుడు మంట మీదున్న మూకుట్లోనే వెనిగర్ ఒక్కసారిగా పోశాను, కొవ్వు భగ్గున ఎగిరి ముంజేయి మీద పడింది, బొబ్బలు మానడానికి రెండు వారాలు పట్టింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అందుకే స్టవ్ కట్టేసి, అరవై అంకెలు లెక్కపెట్టి, అప్పుడు చక్కెర వేసి, మూకుడు అంచునుంచి వెనిగర్ కొంచెం కొంచెంగా పోయండి, మొహం మూకుడు మీదకి వంచొద్దు. చెక్క గరిటెతో అడుగున అంటుకున్నదంతా గీకండి, అదంతా రుచే. ఆఖర్న ఆవముద్ద, మిరియాలు వేసి చిలికినట్టు తిప్పండి, చిక్కబడి కొంచెం తేనెరంగులోకి వస్తది.

మొదటిసారి ఇంట్లో చేస్తా ఉంటే మా అమ్మ పక్కనే నిలబడి చూసి, "ఏంది నాయనా, తిరగమాతలో పుల్లనీళ్లు పోస్తా ఉండావు" అనింది. తిరగమాత అనే మాటే సరైన మాట అనిపించింది నాకు, అప్పటినుంచి ఎవరికి నేర్పినా ఇది కొవ్వు తిరగమాత అనే చెప్తున్నాను. తిరగమాతకి ఉన్న నియమమే దీనికీ ఉంది, చేసిన వెంటనే పోయాలి, దాచిపెట్టుకునేది కాదు.

ఎంత వేడి మీద పోయాలి అంటే, కాఫీ తాగే వేడి. పొగలు కక్కేటప్పుడు పోస్తే ఆకు ఉడికిపోయి పప్పులోకి పనికొచ్చేట్టు అవుతది, చల్లారాక పోస్తే కొవ్వు ఆకుకి పేరుకుంటది. ఇంకో చిక్కేంటంటే ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన ఆకు మీద ఎంత వేడి డ్రెస్సింగ్ పోసినా తెల్లతెల్లగా మైనం చుక్కల్లాగా గడ్డకడతది, రోహిణి కార్తెలో కూడా నాకట్లా అయింది, బయట రోళ్లు పగిలే ఎండ, ప్లేట్లో మాత్రం కొవ్వు పేరుకుపోయింది. కాబట్టి ఆకు అరగంట ముందే బయట పెట్టుకోండి, కడిగాక గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వండి, తడి ఆకుకి కొవ్వు అంటదు.

ఆకు ఏది అంటే పాలకూరే, కాకపోతే లేతది. విదేశాల్లో ఈ సలాడ్‌కి వాడే స్పినాచ్ వేరు, మన పాలకూర వేరు, మనది బీట్‌రూట్ జాతికి చెందింది, ఆకు మందం, కాడ గట్టి. అందుకని స్టోన్‌హౌస్‌పేట మార్కెట్లో పొద్దున్నే పోయి అరచేతిలో పట్టేంత ఆకుల కట్టలు ఏరుకుంటాను, కాడలు తుంచేస్తాను. వెడల్పాటి బేసిన్‌లో ఆకు వేసి, మూడొంతుల డ్రెస్సింగ్ చుట్టూ తిప్పి పోసి, రెండు చేతులతో అడుగునుంచి పైకి ఎత్తి వదలండి, పది పన్నెండు సార్లు. ఆకు మెరుస్తా, కొంచెం తలవంచినట్టు వాలాలి, అంతే, ముద్దవకూడదు. చాలకపోతే మిగతాది పోయండి. ముక్కలు ఆఖర్న చల్లండి, ముందే కలిపితే మెత్తబడతాయి.

కూరగాయల మీదకైతే ఇంత జాగ్రత్త అక్కర్లేదు. సన్నగా తరిగిన క్యాబేజీ, ఆవిరి మీద ఉడికించిన బీన్స్, రెండూ బాగుంటాయి, బీన్స్ వేడిగా ఉన్నప్పుడే కలపాలి.

ఈ వారం ఇంటిపని. ఒకే డ్రెస్సింగ్ చేసి, రెండు చిన్న గిన్నెల్లో పాలకూర తీసుకుని, ఒకదాంట్లో డ్రెస్సింగ్ తయారైన నిమిషానికి, రెండోదాంట్లో ఐదు నిమిషాలకి పోసి తిని చూడండి. ఏది నచ్చిందో, అప్పుడు ఆకు ఎట్లా ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో ఉర్లగడ్డలతో వేడి సలాడ్ చేసేటప్పుడు ఆ కాగితం పక్కనుండాలి.