ద్రవ ఉపరితలాల నమూనాలు – 4వ పాఠం: సాంద్రత వాలు నుంచి తలతన్యత

గత పాఠంలో ద్రవానికీ దాని బాష్పానికీ మధ్య గీత గీసినట్టు హద్దు పెట్టుకొని, తలతన్యత (ఉపరితలాన్ని ఒక ప్రమాణ వైశాల్యం పెంచడానికి ఖర్చయ్యే శక్తి) విలువను పట్టిక నుంచి తెచ్చుకున్నాం. 1893లో వాన్ డెర్ వాల్స్ ఆ గీతను చెరిపివేసి, సాంద్రత కొద్దికొద్దిగా తగ్గుతూ ద్రవం నుంచి బాష్పంలోకి వెళుతుందని భావించాడు. 1958లో కాన్, హిలియర్డ్ మిశ్రమాలకు ఇదే రూపాన్ని రాబట్టారు. తలతన్యతను ఈ పద్ధతిలో మనమే లెక్కకట్టడం నేటి పని.

ఎత్తు య వద్ద సాంద్రత స అనుకుందాం. ద్రవ సాంద్రతలో గానీ బాష్ప సాంద్రతలో గానీ ఉన్న పదార్థానికి అదనపు శక్తి సున్న. ఆ రెంటికీ మధ్య సాంద్రతలో ఉంటే ఘనపరిమాణానికి వ అనే శక్తి ఖర్చవుతుంది. ఈ ఖర్చు ఒక్కటే ఉంటే మధ్య పొర పలచబడుతూ చివరికి మాయమవుతుంది, తలతన్యతా దానితోనే పోతుంది. దాన్ని అడ్డుకునేది రెండో పదం: (మ/2) × వాలు². ఇక్కడ వాలు అంటే ఎత్తుతో సాంద్రత మారే రేటు. మ అణువుల ఆకర్షణ ఎంత బలమైనదో, ఎంత దూరం పనిచేస్తుందో చెప్పే గుణకం. మొదటి పదం పొరను నొక్కుతుంది, రెండోది సాగదీస్తుంది.

ఈ రెండు పదాల మొత్తాన్ని య వెంట సమాకలనం చేసి, అది కనిష్ఠం కావాలంటే వచ్చే సమీకరణాన్ని వాలుతో గుణించి ఒకసారి సమాకలనం చేస్తే ఇది మిగులుతుంది:

(మ/2) × వాలు² = వ

ద్రవం లోతున సమీకరణం రెండు పక్కలూ సున్న కనుక సమాకలన స్థిరాంకం రాదు. అంటే ప్రతి ఎత్తులోనూ రెండు ఖర్చులూ సమానమే. ఇక్కడ చాలామంది సాంద్రత వక్రాన్ని సాధించడానికి తొందరపడతారు. తలతన్యతకు దాని అవసరమే లేదు. య స్థానంలో స ను చలరాశిగా తీసుకుంటే చాలు: √(2 × మ × వ) ను బాష్ప సాంద్రత నుంచి ద్రవ సాంద్రత దాకా సమాకలనం చేస్తే వచ్చేదే తలతన్యత.

వ = క × (స − బాష్ప సాంద్రత)² × (ద్రవ సాంద్రత − స)² అని తీసుకోండి; క ఒక స్థిరాంకం. సాంద్రతల తేడా తే అయితే,

తలతన్యత = √(2 × మ × క) × తే³ ÷ 6

సందిగ్ధ ఉష్ణోగ్రత (ద్రవానికీ బాష్పానికీ తేడా చెరిగిపోయే ఉష్ణోగ్రత) దగ్గర ఈ సిద్ధాంతంలో తే, దాని నుంచి ఉన్న ఉష్ణోగ్రత అంతరానికి వర్గమూలంగా తగ్గుతుంది కనుక తలతన్యత 3/2 ఘాతంతో సున్నకు చేరుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మీటరుకు 72.8 మిల్లీన్యూటన్లున్న నీటి తలతన్యత దాదాపు 374 డిగ్రీల వద్ద నిజంగానే సున్న అవుతుంది. అయితే కొలతల్లో కనిపించే ఘాతం సుమారు 1.26. ఆ తేడాకు కారణం, మన లెక్క సాంద్రత ఒడిదుడుకులను వదిలేయడమే.

అభ్యాసం: తే ను గరిష్ఠ వాలుతో భాగించి పొర మందం రాబట్టండి. అది తే కు విలోమానుపాతంలో రాకపోతే గరిష్ఠ వాలును సరైన సాంద్రత వద్ద, అంటే సరిగ్గా నడిమధ్యన, తీసుకున్నారో లేదో సరిచూసుకోండి.