ఇయర్ ఎండింగ్ ముందు డేటాబేస్ టైమ్ కాలమ్ ఒక్కసారి చూసుకోండి

ఈమధ్య బెంగళూరులో ఒక టీమ్ డేటాబేస్‌ను ఆఫీసు సర్వర్ నుంచి క్లౌడ్‌కి మార్చింది. పాత సర్వర్ గడియారం ఇండియా టైమ్‌లో ఉండేది, కొత్తది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక). కాలమ్ మాత్రం అదే డేట్‌టైమ్ (తేదీ, టైమ్ దాచే రకం). ఆ రాత్రి నుంచి పడిన ప్రతి రో (టేబుల్‌లోని వరుస) ఐదున్నర గంటలు వెనక్కి పోయింది. ఏ రో ఏ గడియారం చూసి రాసిందో చెప్పే గుర్తు టేబుల్‌లో ఎక్కడా లేదు.

ముంచేది ఇదే: జరిగిన క్షణాన్ని జోన్ తెలియని కాలమ్‌లో పెట్టడం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లలో చూస్తే, మైఎస్‌క్యూఎల్ డేట్‌టైమ్, పోస్ట్‌గ్రెస్‌లోని ఉత్త టైమ్‌స్టాంప్ మీరిచ్చిన అంకెల్ని అలాగే దాచుకుంటాయి, ఏ ఊరి టైమో అడగవు. పోస్ట్‌గ్రెస్‌కైతే 23:30+05:30 అని జోన్‌తో సహా ఇచ్చినా ఆ +05:30ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఎర్రర్ కూడా రాదు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 2 గంటలకొచ్చిన ఆర్డర్ యూటీసీలో మార్చి 31 రాత్రి 8:30. ఆ బిల్లు పాత ఆర్థిక సంవత్సరంలోకి జారిపోతుంది. ఆడిటర్ అడిగేదాకా ఎవరూ గమనించరు.

పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌స్టాంప్‌టీజెడ్ (టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్) పెట్టండి. పేరు చూసి జోన్‌ను దాస్తుందనుకోకండి. యూటీసీకి మార్చి ఉంచుతుంది, చూపేటప్పుడు సెషన్ (అప్పటి కనెక్షన్) జోన్‌కి తిప్పుతుంది. సైజు గురించి బెంగ వద్దు, రెండూ 8 బైట్లే.

మైఎస్‌క్యూఎల్‌లోనే చిక్కు. టైమ్‌స్టాంప్ యూటీసీలో దాస్తుంది కానీ 2038 జనవరి 19, మన టైమ్ ఉదయం 8:44:07 దాటితే పట్టదు. డేట్‌టైమ్ వాడితే ప్రతి కనెక్షన్‌లో టైమ్ జోన్ +00:00 సెట్ చేసి యూటీసీ మాత్రమే రాయండి. ప్రతి కనెక్షన్ అంటే రాత్రి తనంతట నడిచే క్రాన్ జాబ్, ఎవరో డీబీవర్ అనే టూల్ నుంచి కొట్టే అప్‌డేట్ కూడా.

పాత పోస్ట్‌గ్రెస్ కాలమ్‌ను ఆల్టర్ కమాండ్‌తో మార్చేటప్పుడు దాని యూజింగ్ భాగంలో 'ఎట్ టైమ్ జోన్' పెట్టి ఏషియా/కోల్‌కతా అని రాయండి, లేకపోతే ఆ సెషన్ జోన్‌నే పట్టుకుంటుంది. ఐఎస్‌టీ అని రాయకండి, డిఫాల్ట్ సెట్టింగ్‌లో అది ఇజ్రాయెల్ టైమ్ కావచ్చు. పెద్ద టేబుల్ అయితే ఆల్టర్ నడిచినంతసేపూ లాక్‌లో ఉంటుంది, మార్చి 31 రాత్రి అసలు ముట్టుకోవద్దు.

తేదీని స్ట్రింగ్‌గా (ఉత్త అక్షరాలుగా) దాచకండి.

నెల లెక్క తీసే క్వెరీలో మార్చి 1, మార్చి 31 మధ్య అని బిట్వీన్ వద్దు, మార్చి 31 మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే ఆగి ఆ రోజంతా ఎగిరిపోతుంది. మార్చి 1 నుంచి, ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయండి, రెండూ మన జోన్‌లో.

పుట్టినరోజు పక్కన 18:30 కనిపిస్తే, జావాస్క్రిప్ట్ మన అర్ధరాత్రిని యూటీసీకి తిప్పి ఒక రోజు తినేసిందన్నమాట. ఆ కాలమ్‌కి టైమ్ లేని డేట్ రకం పెట్టండి.

న్యూయార్క్ క్లయింట్‌తో వచ్చే నవంబరు మీటింగా? అక్కడి టైమ్‌తోపాటు జోన్ పేరు దాచండి, ఆఫ్‌సెట్ (యూటీసీతో గంటల తేడా) కాదు. నవంబరులో అది మారుతుంది.

మళ్లీ అదే: జోన్ తెలియని కాలమ్‌లో క్షణాన్ని పెట్టొద్దు. సర్వర్ మార్చిన వెంటనే ఒక రో ఇన్సర్ట్ చేసి, టైమ్ యూటీసీలో కనిపిస్తే ఐదున్నర గంటలు కలిపి, చేతి గడియారంతో సరిచూడండి. అప్పటికీ ఐదున్నర తేడా ఉందా, యాప్‌ను అక్కడే ఆపేయండి.