పొద్దున్నే పికప్ స్టార్ట్ అవ్వట్లేదా? గ్లో ప్లగ్గులు కొనకముందు ఇవి చూడండి

మన శ్రీకాకుళం జిల్లాలో డీజిల్ పికప్ పొద్దున్నే అందుకోవట్లేదంటే చాలు, పక్కనున్న ప్రతివోడూ గ్లో ప్లగ్గులు పోయాయి మార్చేయ్ అంటాడు. గ్లో ప్లగ్గు అంటే స్టార్టింగ్ కోసం సిలిండర్ లోపల వేడి పుట్టించే చిన్న హీటరు. సంక్రాంతి చలిలో కూడా మన వైపు కంప్రెషన్ (సిలిండర్లో గాలిని నొక్కే బలం) బాగున్న, డీజిల్ నేరుగా సిలిండర్లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌కి గ్లో ప్లగ్గు అవసరం పెద్దగా రాదు. మరేటి కారణం అంటే, నేను చూసినంతలో ఎక్కువగా రాత్రికి రాత్రి లైన్లో డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోడం, ఆ ఖాళీలో గాలి పట్టేయడం. అందుకే పార్టులు కొనకముందు ఈ వరసలో చూసుకోండి, సగం చెకింగులకి డబ్బులే అక్కర్లేదు.

ముందు బ్యాటరీ. బోరు పనే గాని వదలొద్దు. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజిన్ ఆపున్నప్పుడు 12.6 వోల్టులు చూపించాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కిందకి పడిపోతే ఇంజిన్ సరిపడా స్పీడుగా తిరగదు, తిరక్కపోతే లోపల గాలి వేడెక్కదు, డీజిల్ అంటుకోదు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించిన చోట తుప్పు కూడా చూడండి, కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లకి ఉప్పు గాలి ముందు అక్కడే తినేస్తాది.

తర్వాత సైలెన్సర్. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు వెనక నిలబడండి. తెల్ల పొగ వస్తుందంటే డీజిల్ సిలిండర్‌లోకి వెళ్తుంది గాని కాలట్లేదు, గ్లో ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) అప్పుడు అనుమానించాలి. పొగే లేదంటే డీజిల్ అసలు చేరట్లేదు. అలాంటప్పుడు పాత మెకానికల్ పంపు బండిలో అయితే కీ ఆన్ చేయగానే డీజిల్ దారి తెరిచి మూసే స్టాప్ సోలినాయిడ్ టక్‌మంటుందో లేదో వినండి, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు (రైల్) నుంచి గట్టి ప్రెషర్‌తో డీజిల్ అందే కామన్ రైల్ బండిలో అయితే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా కదులుతుందో లేదో చూడండి, అస్సలు కదలకపోతే ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సార్ మీద అనుమానం. ఒక్కో విడత 10, 15 సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టొద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి, లేపోతే సెల్ఫ్ మోటారు కూడా ఖర్చులో కలుస్తాది.

ఇప్పుడు అసలు టెస్టు. ఫిల్టర్ మీద చేత్తో నొక్కే ప్రైమర్ ఉంటాది కదా, పొద్దున్నే కీ తిప్పకముందే అది గట్టిపడేదాకా నొక్కండి. నొక్కాక ఒక్క కీకే అందుకుందంటే డీజిల్ వెనక్కి జారుతున్నట్టే. ఇంకా నమ్మకం కుదరకపోతే రాత్రి బండిని ముందు భాగం పల్లంలో, వెనక భాగం ఎత్తులో ఉండేలా పెట్టి (ట్యాంకు ఎత్తులో ఉంటే డీజిల్ వెనక్కి జారదు) హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి వదిలేయండి. పొద్దున్న బాగా స్టార్ట్ అయితే ఇంక సందేహం అక్కర్లేదు.

లీకు ఎక్కడో పట్టుకోడమే కష్టం, ఎందుకంటే కింద చుక్క కూడా కారదు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైన్లో పంపు డీజిల్‌ని పీల్చుకుంటాది, తోయదు, చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగితే గాలే వచ్చినట్టు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు పెట్టి ఇంజిన్ నడపండి, బుడగలు వరసగా వస్తుంటే గాలి లాగుతుంది. అప్పుడు రబ్బరు పైపుల చివర పగుళ్లు, క్లిప్పులు, ఫిల్టర్ గాస్కెట్, కింద నీళ్లు తీసే స్క్రూ ఓరింగు, మధ్యలోంచి డీజిల్ పోయే బాంజో బోల్టుల రాగి వాషర్లు ఒక్కొక్కటీ చూడాలి. పాత వాషర్లే మళ్లీ వేసి బిగిస్తారు కొందరు, కొత్తవి ఎంతండీ, మార్చేయండి. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ లైన్లో ప్రెషర్ ఉంటాది కాబట్టి లీకుంటే డీజిల్ బయటికే వస్తాది, మీరు కీ ఆన్ చేసి ఆ పంపు గుయ్‌మంటుందో లేదో వింటే చాలు.

వానాకాలంలో నీళ్లు కూడా చూడాలి. ఫిల్టర్ కింద స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి కొంచెం పట్టి కాసేపు వదిలేస్తే నీళ్లు అడుగున చేరతాయి. ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి లాగితే మూత గాలి రంధ్రం మూసుకుపోయినట్టు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పాత బండికి గాలి తీయడానికి నాజిల్ పైపు నట్టు వదులు చేస్తారు, అది చూసి కామన్ రైల్ బండికి అలా చేయొద్దు. అందులో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది, ఆ చిమ్మే డీజిల్ చర్మంలోంచి దూసుకుపోతాది, చెయ్యి తీసేయాల్సి రావచ్చు. గ్లో ప్లగ్గులున్న ఇంజిన్‌లోకి స్టార్టింగ్ స్ప్రే కూడా కొట్టొద్దు, పేలిపోద్ది.

గాలీ నీళ్లూ లేవు, అయినా కామన్ రైల్ బండి అందుకోవట్లేదంటే ఇంజెక్టర్ల నుంచి ట్యాంకుకి వెనక్కెళ్లే డీజిల్‌ని కొలిచే రిటర్న్ టెస్టు చేయించండి. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపుని ఒక్కో సీసాలో పెట్టి నడిపితే ఏ సీసా మిగతావాటికంటే ముందు నిండిపోతుందో ఆ ఇంజెక్టర్ లోపల అరిగింది, దానివల్ల రైల్‌లో ప్రెషర్ నిలవట్లేదు. నాలుగూ మార్చేద్దాం అనేవాడి దగ్గర బండి వదలకండి.

పొద్దున్న బాగానే స్టార్ట్ అయ్యి, రాజాం సంతకో బొబ్బిలికో వెళ్లి వేడి మీద ఆపాక మొరాయిస్తుందంటే దారి వేరు. పాత రోటరీ పంపు (తిరుగుతూ ఒక్కో సిలిండర్‌కీ వంతులవారీగా డీజిల్ పంచేది) బండి అయితే తడి గుడ్డ పంపు మీద కప్పి పావుగంట ఆగి కీ తిప్పండి, నీళ్లు మాత్రం నేరుగా పొయ్యొద్దు. చల్లారాక అందుకుందంటే పంపు లోపల అరిగిపోయింది, పంపు షాపులో విప్పాల్సిందే. కామన్ రైల్ అయితే క్రాంక్ సెన్సార్, లేదా ఇందాకటి ఇంజెక్టర్ల రిటర్న్, స్కానర్ పెట్టి సెల్ఫ్ కొట్టేటప్పుడు రైల్ ప్రెషర్ ఎంత లేస్తుందో చూపించమనండి.