కాటా ప్లగిన్లకు డీఐ కంటైనర్‌ను జతచేయడం

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ కొట్లకు బిల్లుల ప్రోగ్రాం రాస్తున్నామనుకుందాం. ఒక కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా సీరియల్ కేబుల్ ద్వారా తూకం పంపుతుంది. పక్క కొట్టులో గుమస్తా ఒక్కో టిక్కీ (మిర్చి బస్తా) తూకం చేత్తో ఎక్కిస్తాడు. ఈ తేడాలను అసలు ప్రోగ్రాంలోకి ఇరికించకుండా, ఒక్కో కాటాకు ఒక్కో ప్లగిన్ (విడిగా జతచేసే ముక్క) రాసి, దానికి కావలసిన లాగర్, డేటాబేస్ వంటివి డిపెండెన్సీ ఇంజెక్షన్ (డీఐ) కంటైనర్ నుంచి, అంటే క్లాసులకు కావలసినవి తయారుచేసి అందించే భాగం నుంచి, అందేలా మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌లో ఏర్పాటు చేయవచ్చు.

ముందుగా ఇంటర్‌ఫేస్‌లు (క్లాసు ఏ పనులు చేయాలో చెప్పే ఒప్పందాలు) మాత్రమే ఉండే చిన్న లైబ్రరీ కావాలి. అందులో తూకం చదివే ‘ఐకాటా’, సర్వీస్ కలెక్షన్‌ను (కంటైనర్‌లో చేరే క్లాసుల జాబితాను) తీసుకుని తన క్లాసులను అందులో నమోదు చేసే ‘ఐప్లగిన్’ ఉంటే చాలు. తయారైన కంటైనర్‌ను మాత్రం ప్లగిన్ చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఏ క్లాసుకు ఏమి అవసరమో కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టును తయారుచేసే చోట) కనిపించదు. లోపం ప్రోగ్రాం తెరిచినప్పుడు కాక, టిక్కీ కాటా మీదికి ఎక్కాక బయటపడుతుంది.

ప్రతి ప్లగిన్‌నూ విడి అసెంబ్లీ లోడ్ కాంటెక్స్ట్‌లో, అంటే దాని లైబ్రరీలను మిగతావాటితో కలవకుండా ఉంచే గదిలో, లోడ్ చేయాలి. దాని లైబ్రరీలను వెతకడానికి డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి అసెంబ్లీ డిపెండెన్సీ రిజాల్వర్ ఉంది. నన్ను ఒక పూటంతా తిప్పలు పెట్టింది ఇక్కడే: ఫైలు లోడయింది, క్లాసు ఉంది, అయినా అది ‘ఐప్లగిన్’ కాదని ప్రోగ్రాం మొండికేసింది. ప్లగిన్ ఫోల్డర్‌లో ఇంటర్‌ఫేస్‌ల లైబ్రరీకి మరో కాపీ పడి ఉండటమే కారణం. రెండు కాంటెక్స్ట్‌లలో విడివిడిగా లోడైన ఒకే పేరుగల టైపులను రన్‌టైమ్ వేర్వేరుగానే లెక్కిస్తుంది. ప్లగిన్ ప్రాజెక్టు ఫైలులో ఆ రిఫరెన్సుకు ‘ప్రైవేట్’ విలువను ఫాల్స్‌గా, ‘ఎక్స్‌క్లూడ్ అసెట్స్’ను రన్‌టైమ్‌గా పెడితే కాపీ పడదు. సర్వీస్ కలెక్షన్ ఇంటర్‌ఫేస్ ఉన్న ప్యాకేజీకి కూడా రన్‌టైమ్ కాపీ రాకుండా చూడాలి.

ప్లగిన్లన్నీ నమోదయ్యాకే సర్వీస్ ప్రొవైడర్‌ను, అంటే కంటైనర్‌ను, బిల్డ్ చేయాలి. ఆ తర్వాత కలెక్షన్‌లో చేర్చినది ప్రొవైడర్‌కు తెలియదు. బిల్డ్ చేసేటప్పుడు ‘వ్యాలిడేట్ ఆన్ బిల్డ్’, ‘వ్యాలిడేట్ స్కోప్స్’ అనే తనిఖీలు రెండూ ఆన్ చేయడం నా అలవాటు. ఒకే ‘ఐకాటా’ అడిగితే చివర నమోదైనదే వస్తుంది కాబట్టి, అన్నీ కావాలంటే ‘ఐఎన్యూమరబుల్’గా (జాబితాగా) అడగాలి, లేదా డాట్‌నెట్ 8లో వచ్చిన కీడ్ సర్వీసులతో (కీ చెప్పి ఒక్కోదాన్ని విడిగా అడిగే పద్ధతితో) కాటా పేరునే కీగా వాడుకోవాలి.

నడుస్తుండగా ప్లగిన్‌ను మార్చాలంటే కాంటెక్స్ట్‌ను కలెక్టబుల్‌గా (తర్వాత తీసేయగలిగేలా) తెరవాలి, కానీ ఒక్క సింగిల్‌టన్ (ప్రోగ్రాం మొత్తానికి ఒక్కటే ఉండే ఆబ్జెక్టు) దాని ఆబ్జెక్టును పట్టుకుని ఉన్నా అది మెమరీ నుంచి దిగిపోదు. కొట్టుకు అంత హంగు అనవసరం. రాత్రి తాళం వేసేముందు కొత్త ఫైలు పెట్టి, ప్రోగ్రాంను ఒకసారి మూసి తెరిస్తే సరిపోతుంది.