అమెరికా వంటసామాను, మన కరెంటు: 3వ పాఠం – ట్రాన్స్‌ఫార్మర్ ఎంత సైజుది కొనాలి?

పోయిన పాఠంలో వస్తువు అడుగున అంటించిన స్టిక్కరు చూసి ఓల్టులు, హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క), వాట్లు రాసుకోమన్నాను. ఆ చీటీ తీయండి. దాని మీద 220–240 అనో, 100–240 అనో ఉంటే ఈ పాఠంతో మీకు పని లేదు. కువైట్ నుంచి కోనసీమకు చేరే సామాను చాలావరకు ఈ రకమే. అక్కడ 240 ఓల్టులు, 50 హెర్ట్జ్. మనకు 230, 50. పలకల పిన్నుల ప్లగ్గు మార్చుకుంటే సరిపోతుంది. చిక్కంతా 120 ఓల్టులు, 60 హెర్ట్జ్ అని రాసున్న అమెరికా వస్తువులతోనే.

పిన్నులు మార్చే అడాప్టరు ఓల్టేజిని తగ్గించదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ఓల్టేజి పెరిగితే హీటరు లాగే పవరు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 230ని 120తో భాగిస్తే 1.92, దాని వర్గం సుమారు 3.67. అంటే 1000 వాట్ల కుక్కరు 3,670 వాట్లు లాగబోతుంది. అన్నం ఉడికేదాకా ఆ కాయిలు ఎలాగూ బతకదు.

కాబట్టి ఓల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని సైజును వీఏల్లో (ఓల్ట్-ఆంపియర్లు) చెబుతారు. వేడిచేసే వస్తువైతే దాని వాట్లకు కనీసం నాలుగో వంతు కలపండి. 1000 వాట్ల ప్రెషర్ కుక్కరుకు 1250 అవుతుంది, 1500 వీఏది కొంటే నిశ్చింత. మోటారుది వేరే లెక్క. తిరగడం మొదలయ్యే క్షణంలో అది మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే రెండు మూడు రెట్లు వేసుకోండి: 300 వాట్ల పిండి కలిపే మిక్సరుకు 750 లేదా 1000 వీఏ. దుకాణంలో "ఆగకుండా ఎంత మోస్తుంది?" అనే అడగండి, పెట్టె మీద పెద్దక్షరాల అంకె కొన్నిసార్లు ఒక్క క్షణం తట్టుకునేది మాత్రమే. అరచేతిలో ఇమిడే తేలిక కన్వర్టరు మీద 1600 వాట్లు అని ఉన్నా నమ్మి తెచ్చుకోకండి. సాదా హీటర్లకే అది పనికొస్తుంది, డిజిటల్ కుక్కరు పెడితే లోపలి బోర్డు పోతుంది. అసలు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుము, రాగి ఉంటాయి, ఎత్తితే బరువు తెలుస్తుంది.

సాదా రైస్ కుక్కరు కోసమైతే ఈ తతంగమంతా దండగని నా అభిప్రాయం. ఆ డబ్బుతో రాజమండ్రిలో మంచి కుక్కరే వస్తుంది.

ట్రాన్స్‌ఫార్మర్ హెర్ట్జ్‌ని మార్చదు. కార్బన్ బ్రష్షుల మోటారుకు ఇబ్బంది లేదు. కరెంటు లయను బట్టి నడిచే గడియారం మాత్రం వెనకబడుతుంది, టైమరులో 30 నిమిషాలు పెడితే 36 పడుతుంది. 60 హెర్ట్జ్‌కి మాత్రమే చేసిన మైక్రోవేవ్ జోలికి అసలు పోవద్దు, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాగిపోతుంది.

ఇంకో సంగతి. మీరు కొన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఓల్టేజిని స్థిరంగా ఉంచదు, వచ్చినదాన్ని సుమారు సగం చేస్తుందంతే. గోడలో 180 ఉంటే ఇటు 94 వస్తుంది. చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరిగే రాత్రివేళ ఓల్టేజి పడిపోయి మీ ఫ్యాను నెమ్మదిస్తుంటే, ఆ సమయంలో మిక్సరు వాడకండి. తక్కువ ఓల్టేజిలో బరువు మోస్తే మోటారు వేడెక్కుతుంది.

చిన్న ఫ్లాట్‌లో దాన్ని ఎక్కడ పెట్టాలి? 1500 వీఏ పూర్తిగా లాగితే గోడ వైపు 6.5 ఆంపియర్లు, కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్టు చాలదు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులోనే నేరుగా పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఆ లైను మీదే ఇండక్షన్ స్టవ్ ఉంటే రెండూ కలిపి వేయకండి. సింకు కింద అరలోనూ, ఆవిరి తగిలే చోటా పెట్టకండి. చుట్టూ గాలి ఆడాలి. ముందు ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్చి, తర్వాత వస్తువు స్విచ్చి. పని అయ్యాక గోడ దగ్గరే ఆపేయండి, ఖాళీగా ఉన్నా అది కరెంటు తింటుంది.

అభ్యాసం: 120 ఓల్టుల, 700 వాట్ల వాఫిల్ మేకరుకు ఎన్ని వీఏల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి? పూర్తిగా లాగితే గోడ నుంచి ఎన్ని ఆంపియర్లు? జవాబుతో పాటు 4వ పాఠంలో ఎర్తు గురించి, ట్రాన్స్‌ఫార్మర్ అవతల జరిగే లీకేజిని ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) ఎందుకు పసిగట్టకపోవచ్చో చూద్దాం.