ఎలక్ట్రిక్ సైకిల్‌కు, దాని ట్రాలీకి ఏ రకం బ్యాటరీ ఎంచుకోవాలి?

సైకిల్‌కు మోటారు కిట్ బిగించుకునేవారు ముందుగా అడిగేది ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ అని. దానికి జవాబు ఆంపియర్ అవర్లలో (బ్యాటరీ ఎంత కరెంటును ఎన్ని గంటలు ఇవ్వగలదన్న లెక్క) దొరుకుతుంది. అయితే బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుంది, ఇంట్లో నిశ్చింతగా ఛార్జింగ్ పెట్టవచ్చా అన్నవి లోపలి రసాయనం మీద, దానికి జత చేసిన ఛార్జర్ మీద ఆధారపడి ఉంటాయి. ఇక్కడి లెక్కలన్నీ 250 వాట్ల మోటారు, 36 వోల్టుల కిట్‌కు సంబంధించినవి. చేతిలో వోల్టులు కొలిచే ఒక మల్టీమీటరు ఉంటే చాలు.

మొదటి దశ: సామర్థ్యం లెక్క

36 వోల్టులను 10 ఆంపియర్ అవర్లతో గుణిస్తే 360 వాట్ అవర్లు, అదే బ్యాటరీలోని మొత్తం శక్తి. పెడల్ తొక్కుతూ వెళ్తే కిలోమీటరుకు 10 నుంచి 15 వాట్ అవర్లు ఖర్చవుతాయి. అయిదో వంతు మిగుల్చుకుని లెక్క వేయండి. పాల క్యాన్లు, కూరగాయల బస్తాలు మోసే ట్రాలీ వెనక తగిలిస్తే 20 ఆంపియర్ అవర్లకు తగ్గవద్దు.

రెండవ దశ: రసాయనం

లెడ్ యాసిడ్‌ను పక్కన పెట్టండి. 12 వోల్టులవి మూడు కలిపితే సుమారు 12 కిలోలు; అంతే శక్తినిచ్చే లిథియం ప్యాక్ అందులో సగం బరువు కూడా ఉండదు. పైగా సగం ఛార్జితో నాలుగు వారాలు వదిలేస్తే పలకల మీద సల్ఫేటు పేరుకుని సామర్థ్యం పడిపోతుంది. ధర తక్కువన్న మాట కొన్న రోజుకే వర్తిస్తుంది.

మిగిలినవి రెండు లిథియం రకాలు: నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ, ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన ఎల్‌ఎఫ్‌పీ. ఎన్‌ఎంసీ తేలిక, చోటు కూడా తక్కువ తీసుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ కొంత బరువైనా రెండు వేల ఛార్జింగ్‌లు దాటి పనిచేస్తుంది, అదుపు తప్పి మండడానికి ఎన్‌ఎంసీ కన్నా ఎక్కువ వేడి కావాలి. రెంటచింతల, రామగుండం ఎండల్లో బండి నిలిపేవారికి ఇక ఎల్‌ఎఫ్‌పీ తప్ప వేరే ఆలోచన అవసరం లేదు. ట్రాలీకి ఎల్‌ఎఫ్‌పీ మాత్రమే వాడాలి, ఎందుకంటే బరువు ట్రాలీ అడుగున ఉంటే బండి నిలకడ పెరుగుతుందే తప్ప నష్టం లేదు. ప్యాక్‌ను రోజూ విప్పి మూడో అంతస్తుకు మోసుకెళ్లేవారికి మాత్రమే ఎన్‌ఎంసీ. విప్పిన ల్యాప్‌టాప్ సెల్‌లతో చేసిన చవక ప్యాక్‌ను ఎవరు ఎంత మెచ్చుకున్నా కొనకండి.

మూడవ దశ: ఛార్జర్ జత కుదర్చడం

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ‘36 వోల్టులు’ అన్నది పేరు మాత్రమే. ఎన్‌ఎంసీ ప్యాక్‌లో పది సెల్‌లు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి కలిపి) ఉంటాయి, ఒక్కొక్కటి 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది కనుక మొత్తం 42. ఎల్‌ఎఫ్‌పీలో పన్నెండు సెల్‌లు, ఒక్కొక్కటి 3.65 చొప్పున 43.8. లెడ్ యాసిడ్ ఛార్జర్ 44 వోల్టుల వరకు వెళ్తుంది. మూడింటి మీదా 36 అనే రాసి ఉంటుంది, చాలాసార్లు పిన్ను కూడా ఒకటే.

ఎల్‌ఎఫ్‌పీ ఛార్జర్‌ను ఎన్‌ఎంసీ ప్యాక్‌కు పెడితే ఒక్కో సెల్ మీద 4.38 వోల్టులు, లెడ్ యాసిడ్‌దైతే 4.4 పడతాయి. ఆ స్థాయిలో సెల్ లోపల లిథియం లోహం పేరుకుంటుంది, వేడి పుడుతుంది, మంటకు దారి తీయవచ్చు. ఎన్‌ఎంసీ ఛార్జర్‌ను ఎల్‌ఎఫ్‌పీకి పెడితే సెల్ 3.5 దగ్గర ఆగుతుంది. ప్రమాదం లేదు కానీ సెల్‌లన్నిటిలో ఛార్జి సమం కాదు.

‘బీఎంఎస్ (ప్యాక్ లోపల సెల్‌లను కాపాడే సర్క్యూట్) ఉంది కదా, అదే ఆపుతుంది’ అనేవారు చాలామంది. బీఎంఎస్ ఉన్నది మిగతావన్నీ విఫలమైనప్పుడు అడ్డుపడడానికి. రోజూ ఛార్జింగ్ ఆపే పని దానికి అప్పగించడం అంటే బ్రేకులు లేని బండిని గోడకు గుద్ది ఆపడమే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను, విజయవాడలోను ఇళ్లలో ఛార్జింగ్‌లో ఉన్న స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాల తరువాత హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ అప్పటి సంచాలకులు టాటా నరసింగరావు అధ్యక్షతన సంఘం ఏర్పడింది, విద్యుత్ వాహనాల బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాన్ని సవరించి 2022 డిసెంబరు నుంచి విడతలుగా అమలు చేశారు. మోటారు వాహనాల కోసం రాసిన ఆ ప్రమాణం 250 వాట్ల సైకిల్ కిట్‌కు వర్తించదు కనుక ఆ జాగ్రత్త కొనేవారే తీసుకోవాలి.

ఛార్జర్‌ను గోడకు పెట్టి, ప్యాక్‌కు తగిలించకుండా, మల్టీమీటరును డీసీకి తిప్పి కొలవండి. ఎన్‌ఎంసీకి 42, ఎల్‌ఎఫ్‌పీకి 43.8, అర వోల్టు ఎక్కువ చూపినా వెనక్కి ఇచ్చేయండి. కొన్ని ఛార్జర్లు బ్యాటరీ తగలనిదే వోల్టేజి చూపవు; వాటి విషయంలో ఛార్జింగ్ చివరి గంటలో ప్యాక్ దగ్గరే కూర్చుని కొలవాలి. ప్లస్, మైనస్ కూడా అప్పుడే సరిచూసుకోండి. ప్యాక్ మీద సెల్‌ల సంఖ్య, రసాయనం రాసి లేకపోతే అమ్మినవారి చేత రాయించుకోండి. నోటి మాట చాలదు.

ఎంత ఛార్జి మిగిలిందో చూపే హ్యాండిల్ మీది లైట్ల మీటరును ఎల్‌ఎఫ్‌పీకి నమ్మవద్దు. దాని వోల్టేజి చివరి దాకా దాదాపు ఒకే చోట నిలిచి, ఒక్కసారిగా పడిపోతుంది.

నాలుగవ దశ: బిగింపు

ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ముఖ్యంగా ట్రాలీ నుంచి మోటారుకు పొడవైన వైరు లాగినప్పుడు. పాత లెడ్ బ్యాటరీలను పాత సామాన్ల బండికి వేయకుండా బ్యాటరీల డీలరుకే తిరిగి ఇవ్వండి; బిల్లులో కొంత తగ్గిస్తారు.